చిన్న అలవాట్లు, నిలుచు సంతోషము

సంతోషము దానంతట అది వచ్చును, దానంతట అది పోవును అని మనలో అనేకులు తలంచుచుందురు. పంట పండినయెడల సంతోషము, గాలివాన వచ్చినయెడల దుఃఖము. ఇంట పెండ్లి జరిగినయెడల సంతోషము, అప్పులవాడు గుమ్మములో నిలిచినయెడల దుఃఖము. ఈలాగున మన మనస్సును వాన చేతికిని, సంత ధర చేతికిని, పొరుగువాని నోటికిని అప్పగించి కూర్చుందుము. ఇది సరియేనా?

మన ఉత్తర సీమలో కష్టమునకు కొరత లేదు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలగూల్చినది. కొబ్బరి మొక్క నాటినది మొదలుకొని కాపు చూచువరకు ఎన్ని యేండ్లు కనిపెట్టవలెనో ఆ తోటలవారికి తెలియును. ఆ ఉద్దానములోనే మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను కృంగదీసినది. కూలి కొరకు దూరపు పట్టణములకు వెళ్లిన బిడ్డల నుండి కబురు కొరకు ఎదురుచూచు తలిదండ్రులు ప్రతి పల్లెలోను ఉన్నారు. అట్టివారితో “సంతోషముగా ఉండుడి” అని చెప్పుట సులువు. అది విని ఓర్చుకొనుట కష్టము.

గనుక ఉపదేశమునకు ముందు కొంత చరిత్ర చెప్పదలచితిమి. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో పుట్టి గాని, పెరిగి గాని, పనిచేసి గాని పేరు పొందిన కొందరిని జ్ఞాపకము చేసికొందము. వారిలో ఒకరికి వినికిడి పోయెను. ఒకరికి చూపు సరిగా లేకుండెను. ఒకరు చిన్ననాడే తల్లిని పోగొట్టుకొనిరి. ఒకరికి దేహబలము చాలకుండెను. అయినను వారు మంచి దినము వచ్చును గదాయని చేతులు కట్టుకొని కూర్చుండలేదు. ప్రతి దినము చేయదగిన పని యొకటి పట్టుకొని దానిని విడువలేదు.

1. దినమునకు కొన్ని మాటలు

గిడుగు రామమూర్తి పంతులు 1863వ సంవత్సరము ఆగస్టు 29న శ్రీముఖలింగము దగ్గర పర్వతాలపేటలో జన్మించెను. 1875లో, అనగా ఆయనకు పండ్రెండేండ్ల ప్రాయమున, తండ్రి వీర్రాజు మరణించెను. బాలుడు విజయనగరము చేరి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొనెను. 1880లో నెలకు 30 రూపాయల జీతము మీద పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడాయెను. పగలు పిల్లలకు చెప్పుచు, మిగిలిన వేళలలో తాను చదువుకొనుచు, ప్రైవేటుగా బి.ఏ. పట్టము సంపాదించెను.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసించుచున్నారు. వారి భాష తెనుగువంటిది కాదు, ఒడియావంటిది కాదు. ముండా భాషల కుటుంబమునకు చేరినది. ఆ కాలమున దానికి లిపి లేదు, పుస్తకము లేదు. కొండ దిగి సంతకు వచ్చిన సవరను వర్తకులు మోసగించినను, అధికారులు కసరినను, తన మొర వారి భాషలో చెప్పుకొనుటకు అతనికి నోరు లేదు. రామమూర్తి పంతులు ఆ భాష నేర్చుకొన నిశ్చయించెను. తెనుగు తెలిసిన సవర నొకనిని తన యింట ఉంచుకొని అతని యొద్ద నేర్చుకొనసాగెను. ఆ దినములలో సవరను ఇంట చేర్చుకొని భోజనము పెట్టుట సామాన్యమైన మాట కాదు.

చదువరీ, నిఘంటువు లేని భాష నేర్చుకొనుట యెట్లో ఆలోచించి చూడుడి. ఒక చెట్టును చూపి దాని పేరడుగవలెను. ఒక పనిని చూపి దానికేమందురో అడుగవలెను. విన్న మాట వ్రాసికొనవలెను, మరునాడు మరల పలికి సరిచూచుకొనవలెను. ఇది ఒక్క నాటి ఉత్సాహముతో అయ్యెడు పని కాదు. ఆయన ఎన్నో యేండ్లు దీనిమీద ఉండెను. సవర భాషలో పుస్తకములు వ్రాసెను. సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించెను.

ఇందు నిమిత్తము ఆయన చెల్లించిన వెల చిన్నది కాదు. కొండ దారులలో తిరుగుటవలన మలేరియా జ్వరము పట్టుకొనెను. జ్వరమునకు తినిన క్వినైనువలన వినికిడి పోయెను. క్వినైను ఎక్కువైనయెడల చెవులు హోరుమని వినికిడి తగ్గునని వైద్యులు నేటికిని చెప్పుదురు. మాటలు చెవితో విని పోగుచేసికొను మనుష్యునికే చెవులు పోవుట ఎంతటి దెబ్బ! ఇంతటితో పని చాలించెనని వ్రాయవలసి వచ్చినను మనము ఆశ్చర్యపడము. అయితే చరిత్ర అట్లు లేదు. ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథము 1931లో మద్రాసులో అచ్చయినది. అప్పటికి ఆయన వయస్సు 68 సంవత్సరములు. తరువాత సవర నిఘంటువును కూడ సిద్ధపరచెను. వాడుక భాషలో వ్రాయవలెనన్న ఉద్యమమును నడిపించినదియు ఈ చెవిటి పంతులే. 1940వ సంవత్సరము జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర పత్రిక కార్యాలయమందు పత్రికలవారితో ఆ విషయమే మాటలాడెను. వారము దినములకు, జనవరి 22న, కన్నుమూసెను.

దీనినుండి మనము నేర్చుకొనవలసినది ఏమి? క్రొత్తదానిని దినదినము కొంచెము నేర్చుకొనుచుండువాని మనస్సు నిన్నటి నష్టమునే తలపోయుచు కూర్చుండదు. రేపటి కొరకు ఎదురుచూచును. మరియొకటి. ఆయన నేర్చుకొనినది తన లాభము కొరకు మాత్రమే కాదు, నోరులేని పొరుగువాని కొరకు. తన కొరకే చేయు అలవాటు త్వరగా విసుగు పుట్టించును. ఇతరుల కొరకు చేయునది విసుగు నాడు కూడ మనలను లేపి నిలువబెట్టును.

2. దినమునకు ఒక పాట

ఇప్పుడు విజయనగరము కోట దగ్గరకు రండి. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల యున్నది. 1919వ సంవత్సరము ఫిబ్రవరి 5న దానిని స్థాపించిరి. దాని పుట్టుక కథ వినదగినది. సంస్థానములో ఒక ఉద్యోగికి చూపులేని కుమారుడుండెను. అతని పేరు చాగంటి గంగరాజు. ఆ బాలునికి సంగీతము నేర్పించవలెనను కోరిక మహారాజా విజయరామ గజపతిరాజుగారి యొద్దకు వచ్చినప్పుడు, ఆయన ఒక్కనికి ఉపాధ్యాయుని కుదుర్చుటతో తృప్తి పొందక కళాశాలనే తెరిపించెను. ఒక గ్రుడ్డి బాలుని సంతోషము కొరకు తెరచిన తలుపు గుండ వేలమంది లోపలికి వచ్చిరి.

హరికథకు పితామహుడని పేరుపొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యుడాయెను. ఈయన 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టి విశాఖపట్టణములో పెరిగెను. చిన్ననాటనుండి చూపు మందము. దానివలన బడి చదువు సాగలేదు. అన్నగారి యొద్ద వయొలిన్ మొదలుపెట్టెను. శిష్యుడుగా చేరవలెనని విజయనగరము వచ్చిన యీ యువకుని వాద్యము విని, నారాయణదాసుగారు ఆయనను శిష్యుడుగా కాక ఉపాధ్యాయుడుగానే నియమించిరని ప్రసిద్ధి. అప్పటికి ఆయన వయస్సు 26 ఏండ్లు లోపు. 1936లో ఆయనయే కళాశాలకు అధ్యక్షుడాయెను. 1957లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చెను. పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ ఆయన వాద్యము విని మెచ్చుకొనెను. కాగితముమీది అక్షరము సరిగా కనబడని కన్నులకు వ్రేళ్లే దారి చూపెను. వ్రేళ్లకు ఆ నేర్పు దినదినపు సాధనవలన తప్ప మరియొక విధముగా రాదు.

తరువాతి కాలమున గుడివాడ ప్రాంతపు చౌటపల్లెలో పుట్టిన పిల్లవాడొకడు సంగీతము నేర్చుకొన ఆ కళాశాలకు వచ్చెను. తండ్రి లేడు, చేతిలో డబ్బు లేదు. ఇల్లిల్లు తిరిగి మధుకరము తెచ్చుకొని తినుచు చదువుకొనెను. తాను బీదవాడై యుండియు పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలుని చేరదీసి నేర్పిరి. ఆ బాలుడే ఘంటసాల వెంకటేశ్వరరావు. ఆయన కంఠము వినని తెనుగు ఇల్లు లేదు.

మనమందరము విద్వాంసులము కానక్కరలేదు. పాట మనుష్యులను ఎట్లు కలుపునో మన సంఘములకు చక్కగా తెలియును. ఈ తీరమునకు దగ్గరనే గంజాము సీమలో బంగాళీ కుటుంబములో పుట్టి, తెనుగున కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పాటలు నేటికిని మన ఆరాధనలలో వినబడుచున్నవి. చదువురాని అవ్వకు కూడ అవి కంఠస్థము. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2015లో ఒక సంగతి ప్రచురించిరి. క్రొత్తగా కలిసికొన్న పెద్దలు కొందరు పాట తరగతిలోను, మరికొందరు చేతిపని, రచన తరగతులలోను చేరిరి. అందరికంటె త్వరగా ఒకరికొకరు దగ్గరైనవారు కలిసి పాడినవారే. ఉభాల కాలములో వరుసగా వంగి నాట్లు వేయుచు పాడుకొను మన స్త్రీలకు ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. పాట ఉన్న మడిలో నడుము నొప్పి కొంత మరుపునకు వచ్చును. అయితే నేడు చేతిలో ఫోనుండుటచేత పాట వినుట పెరిగి, పాడుట తగ్గినది. వినినది మంచిదే, నోరు తెరచి పాడినది మరింత మంచిది.

3. దినమునకు కొంత నడక

కోడి రామమూర్తి నాయుడు 1882లో వీరఘట్టములో పుట్టెను. ఆ ఊరు మొన్నటిదాక శ్రీకాకుళము జిల్లాలోనిది. 2022నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. చిన్ననాడే తల్లి చనిపోయెను. ఆ పిల్లవాడు వేకువనే లేచి ఊరి దగ్గరి రాజచెరువు వైపు నడచి, అక్కడ సాము చేసెడివాడని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. తరువాత విజయనగరములో పినతండ్రి యింట పెరిగి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమునకు తిరిగి వచ్చి బడిలో వ్యాయామోపాధ్యాయుడాయెను. అటుపిమ్మట సర్కసు కంపెనీ పెట్టి, ఇనుప గొలుసులు తెంచి, మోటారుకార్లను ఆపి, రొమ్ముమీద ఏనుగును ఎక్కించుకొని దేశదేశముల పేరుపొందెను. ఊపిరిని నిలుపు ప్రాణాయామము తన బలమునకు మూలమని ఆయన నమ్మకము.

చదువరీ, ఇంత బలవంతుని చివరి దినములు ఎట్లుండెనో తెలియునా? సంపాదించిన ధనము నిలువలేదు. కాలికి వ్రణము లేచి, కాలు తీసివేయవలసి వచ్చెను. 1942లో ఒడిస్సాలోని బలంగీరులో మరణించెను. ఈ మాట ఇక్కడ ఎందుకు వ్రాయుచున్నామనగా, మంచి అలవాటు మనకు సమస్త కష్టములను తప్పించునని ఎవరును అపోహపడకూడదు. అది భీమా పత్రము వంటిది కాదు. అది చేతికఱ్ఱ వంటిది. దారిలోని రాళ్లను తీసివేయదు గాని, నడచువానికి ఆనుకొనుటకు ఉండును.

మనకు ఏనుగులు ఎత్తు బలమక్కరలేదు. నడక, సాము, దేహమును కదలించు ఏ పనియైనను కృంగిన మనస్సును కొంత లేవనెత్తునని నేటి వైద్యశాస్త్రము అనేక పరీక్షలలో కనుగొన్నది. పొలము పనిచేయువారికి నడక వేరుగా అక్కరలేదు. అయితే పొలము మానిన ముసలివారు, కుట్టుమిషను దగ్గర కూర్చుండు స్త్రీలు, బండి దిగని యువకులు, ఉదయమున చోడి అంబలి త్రాగి చెరువుగట్టు వెంట కొంత దూరము పోయి వచ్చినయెడల ఆ దినమే భేదము తెలియును. ఒంటరిగా ఉన్న పొరుగువానిని కూడ వెంటబెట్టుకొని పోయినయెడల, ఒక్క నడకలో రెండు మేలులు.

4. దినమునకు ఒక పంక్తి

గిడుగువారితో విజయనగరములో కలిసి చదువుకొన్న గురజాడ అప్పారావుగారిని ఎరుగనివారెవరు? 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన కన్యాశుల్కము నాటకము ఆయన రచన. ఆయన డైరీ వ్రాయు అలవాటు గలవాడు. ఆ డైరీలు ఆయన తరువాత అచ్చయి, ఆయన దినములు ఎట్లు గడచెనో మనకు చూపుచున్నవి. ఆయన దేహము దృఢమైనది కాదు. 1915 నవంబరు 30న, 53వ యేట మరణించెను. బలము తక్కువైనవాడు తన దినములను లెక్కపెట్టి వాడుకొనుటకు డైరీ యొక సాధనము.

అమెరికాలో ఇద్దరు మనశ్శాస్త్రజ్ఞులు 2003లో ఒక పరీక్ష ఫలితము ప్రచురించిరి. కొందరిచేత పది వారములు, వారమునకొకసారి, తాము కృతజ్ఞులమైయున్న సంగతులు అయిదింటివరకు వ్రాయించిరి. మరికొందరిచేత తమ చీకాకులు వ్రాయించిరి. మేలులు వ్రాసినవారు తమ జీవితమునుగూర్చి ఎక్కువ తృప్తి కనుపరచిరి. ఇరుపక్షములవారికిని మేలులుండెను, చీకాకులుండెను. వ్రాసినదే మనస్సులో నిలిచినది.

మీ పిల్లవాని పాత నోటుపుస్తకములో ఖాళీ పుటలు ఉండును గదా. రాత్రి దీపము ఆర్పకముందు ఒక పంక్తి వ్రాయుడి. “ఈ దినము గేదె ఈనినది.” “మా కోడలు నా కాళ్లు పట్టినది.” “కరువు కాలములో అప్పారావు బావ బస్తా బియ్యము అడగకుండ పంపెను.” ఇంతే చాలును. వ్రాయ చేతకానివారు రాత్రి అన్నము దగ్గర ఒకరికొకరు చెప్పుకొనవచ్చును.

5. అలవాటు ఎట్లు నిలుచును?

“మొదలుపెట్టుదుము గాని నాలుగు దినములకు మానివేయుదుము” అని అనేకులు అందురు. లండను యూనివర్సిటీ కాలేజీవారు 96 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన సంగతి ఇట్టివారికి ధైర్యమిచ్చును. ఒక పని ఆలోచింపకుండ చేయు అలవాటుగా మారుటకు సగటున 66 దినములు పట్టెను. కొందరికి 18 దినములే చాలెను. కొందరికి 254 దినములవరకు పట్టవచ్చునని లెక్క తేలెను. నడుమ ఒక దినము తప్పిపోయినను పెద్ద నష్టము కలుగలేదు. గనుక నాలుగు దినములకు నిరాశపడకుడి. వరి విత్తినవాడు నాలుగవ దినమున కొడవలి పట్టుకొని పోవునా?

మూడు మాటలు మనస్సులో ఉంచుకొనుడి. మొదటిది, పనిని మిక్కిలి చిన్నదిగా పెట్టుకొనుడి. అలసిన దినమున కూడ చేయగలిగినంత చిన్నది. రెండవది, దానిని ఎప్పుడును చేయు మరియొక పనికి జతచేయుడి: పాలు పితికిన వెంటనే పాట, అంబలి త్రాగిన వెంటనే నడక, పడక వేసిన వెంటనే ఒక పంక్తి. మూడవది, ఇంటిలో మరియొకరిని చేర్చుకొనుడి. ఇద్దరు కలిసి చేయుదానిలో ఒకడు బద్ధకించినను మరియొకడు లేపును.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. కొందరి దుఃఖము అలవాటులతో తీరునది కాదు. రెండు వారములకు మించి నిద్ర పట్టక, అన్నము సహింపక, ఏ పనియందును ఆశలేక, చావును తలంచుచున్నవాడు సోమరి కాడు, భక్తిహీనుడు కాడు, రోగి. విరిగిన కాలుగలవానిని నడువుమని గద్దింపము గదా. అట్టివానిని ఒంటరిగా విడువక, చెయ్యి పట్టుకొని వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడి. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను ఉచిత సేవ యున్నది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినయెడల పగలు గాని రాత్రి గాని తెనుగులోనే మాటలాడుదురు. ఈ సంఖ్యను మీ గోడమీద బొగ్గుతోనైనను వ్రాసియుంచుడి. మీకు అక్కరలేకపోయినను పొరుగింటికి అక్కర రావచ్చును. అట్లే అప్పునకు అలవాటు జవాబు కాదు, కూలి దొరకకపోవుటకు జవాబు కాదు. వాటి కొరకు న్యాయముగా అడుగవలసిన చోట అడుగవలెను. అయితే అడుగుటకు కూడ నిలువబడు బలము కావలెను. ఆ బలమును కాపాడునవే ఈ చిన్న పనులు.

ప్రియ చదువరులారా, గిడుగువారి చెవులు తిరిగి రాలేదు. నాయుడుగారి కన్నులు బాగుపడలేదు. అయినను సవరల మాట పుస్తకమునకెక్కినది, విజయనగరపు వీధులలో వయొలిన్ వినబడినది. దీపమునకు ఒక్కనాడే కుండెడు నూనె పోసినయెడల ప్రమిద పొర్లిపోవును. ప్రతి సాయంకాలము కొంచెము పోయువాని యింటనే వెలుగుండును. ఈ రాత్రి మీరు చేయదగిన చిన్న పని యొకటి ఏర్పరచుకొనుడి. రేపు మరల దానినే చేయుడి.